సూపర్‌చార్జర్ బిగించే ముందు క్యామ్‌షాఫ్ట్‌ను ఎంచుకోవడం ఎలా?

ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జర్ కోసం డబ్బు కూడబెట్టుకుంటున్న వారిలో చాలామంది, అది చేతికి వచ్చేలోపు వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ (క్యామ్) మార్పించుకుందామనుకుంటారు. ఆ ఆలోచనలో తప్పు లేదు. టైమింగ్ బెల్టు మార్చే సమయానికి ఇంజిన్ ముందుభాగం ఎలాగూ విప్పి ఉంటుంది కనుక కూలి కూడా కలిసివస్తుంది. అయితే మామూలు ఇంజిన్‌కు హుషారు తెచ్చే క్యామ్ వేరు, సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్‌కు నప్పే క్యామ్ వేరు. ఈ తేడా తెలియక నా పాత 1.6 లీటర్ల పెట్రోలు కారుకు ముందుగా రేసు క్యామ్ ఒకటి వేయించాను. పై ఆర్‌పీఎంలో బండి బాగానే పరుగెత్తింది. సూపర్‌చార్జర్ బిగించిన తరువాత మాత్రం బూస్ట్ (సూపర్‌చార్జర్ పెంచే అదనపు గాలి పీడనం) గేజ్ ముల్లు అనుకున్నంత ఎత్తుకు ఎక్కలేదు, సైలెన్సర్ నుంచి పచ్చి పెట్రోలు వాసన వచ్చింది, ఒక రాత్రి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దిగి బండి ఆపి వంగి చూస్తే పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఎర్రగా కాలి కనిపించింది. ఆ ఖర్చు, ఆ కంగారు మీకు రాకూడదన్న ఉద్దేశంతో, ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు కాగితాల సంగతి చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు, తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని గట్టిగా చెప్పింది. కాబట్టి ఇంజిన్ విప్పకముందే మీ ప్రాంతపు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. పని పూర్తయ్యాక అడుగుదామనుకోవడం మంచిది కాదు.

రెండవ పని, మీరు బండిని నిజంగా ఏ ఆర్‌పీఎంలో నడుపుతున్నారో తెలుసుకోవడం. ఒక వారం రోజులపాటు ఇంటికి వచ్చిన వెంటనే చిన్న పుస్తకంలో రాసుకోండి: ఎంతసేపు సిగ్నళ్ళ దగ్గర నిలబడ్డారు, ఎంతసేపు మొదటి రెండు గేర్లలోనే పాకుతూ వెళ్ళారు, ముల్లు 4,000 దాటింది ఎన్నిసార్లు. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్ళే బండి తన జీవితంలో ఎక్కువ భాగం 800 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్యనే గడుపుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లే. ఆ వేగంలో ఐదవ గేరులో ఉన్న చిన్న కారు ఇంజిన్ చాలావరకు 4,000 ఆర్‌పీఎంకు అటూ ఇటూ తిరుగుతుంది. 7,000 దగ్గర బలం చూపే క్యామ్ ఇటువంటి బండికి ఏ పూటా అక్కరకు రాదు. ఈ లెక్క రాసుకోవడం చాలామందికి అనవసరమనిపిస్తుంది కానీ, నా అనుభవంలో తప్పుడు క్యామ్ కొనకుండా మనిషిని ఆపేది ఈ పుస్తకమే.

మూడవది, ఏ రకం సూపర్‌చార్జర్, ఎంత బూస్ట్ అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. క్యామ్ ముందు, సూపర్‌చార్జర్ తరువాత వచ్చినా, నిర్ణయం మాత్రం తలకిందులుగా జరగాలి. రూట్స్ రకంలో, స్క్రూ రకంలో ఒక్కో చుట్టుకు నిర్ణీత పరిమాణంలో గాలి తోయబడుతుంది కనుక 2,000 ఆర్‌పీఎం దగ్గరే బూస్ట్ దాదాపు పూర్తిగా అందుతుంది. సెంట్రిఫ్యూగల్ రకంలో బూస్ట్ వేగంతోపాటు పెరుగుతూ పోయి, పై ఆర్‌పీఎంలో మాత్రమే పతాక స్థాయికి చేరుతుంది. మొదటి రకానికి కింది బలం అదనంగా ఇచ్చే క్యామ్ అక్కర్లేదు, ఆ బలం సూపర్‌చార్జరే ఇస్తుంది. రెండవ రకంలో కింది ఆర్‌పీఎంలో ఇంజిన్ తన సొంత శక్తితోనే బండిని లాగాలి కాబట్టి అక్కడ క్యామ్ మరీ పెద్దదైతే సిగ్నల్ దగ్గర బండి కదలడానికే మొరాయిస్తుంది.

బూస్ట్ సంగతిలో మన ఊరి లెక్క కొంత వేరు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండటం వలన ఇక్కడి వాతావరణ పీడనం 0.95 బార్ దగ్గర ఉంటుంది. సముద్రతీరంలో 0.5 బార్ చూపించే పుల్లీ (సూపర్‌చార్జర్‌ను తిప్పే బెల్టు చక్రం, చిన్నదైతే బూస్ట్ పెరుగుతుంది) ఇక్కడ అంతకంటే కాస్త తక్కువ చూపిస్తే కంగారుపడి చిన్న పుల్లీ వేయించకండి. ఎత్తు కంటే ఎండ పెద్ద సమస్య. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి నొక్కితే, 75 శాతం సామర్థ్యం ఉన్న సెంట్రిఫ్యూగల్ నుంచి అది దాదాపు 90 డిగ్రీల వేడితోను, 60 శాతం సామర్థ్యం ఉన్న రూట్స్ నుంచి 100 డిగ్రీలు దాటిన వేడితోను బయటికి వస్తుంది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకుండా దాన్ని సిలిండర్‌లోకి పంపితే నాకింగ్ (మిశ్రమం వేళ తప్పి దానంతటదే పేలడం) తప్పదు. అందువలన మొదటిసారి చేయిస్తున్నవారు 0.4 నుంచి 0.5 బార్ దగ్గర ఆగడమే నా సలహా, దిగువ రాసిన క్యామ్ లెక్కలన్నీ ఆ బూస్ట్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే.

ఇప్పుడు క్యామ్ కార్డు చేతిలోకి తీసుకోండి. ప్రతి క్యామ్‌తోపాటు ఆ కార్డు ఇవ్వాలి. కార్డు లేని క్యామ్‌ను ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా కొనవద్దు. అందులో నాలుగు అంకెలు ముఖ్యం. వాల్వు ఎంత ఎత్తు లేస్తుందన్నది లిఫ్ట్. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) డిగ్రీలలో ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది డ్యూరేషన్. ఇన్‌టేక్ (గాలి లోపలికి వచ్చే వైపు) లోబ్, అంటే వాల్వును నెట్టే క్యామ్ మీది ఉబ్బు, దాని శిఖరానికి, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే వైపు) లోబ్ శిఖరానికి మధ్య ఉన్న కోణం లోబ్ సెపరేషన్. ఇన్‌టేక్ లోబ్ శిఖరం పిస్టన్ పై చివరను దాటిన ఎన్ని డిగ్రీలకు వస్తుందన్నది ఇన్‌టేక్ సెంటర్‌లైన్. డ్యూరేషన్‌ను ఎక్కడి నుంచి కొలిచారో తప్పక అడగండి. అమెరికా కార్డులలో ట్యాపెట్ (లోబ్‌కు, వాల్వుకు మధ్య ఉండే భాగం) 1.27 మిల్లీమీటర్లు లేచినప్పటి నుంచి, జపాన్, ఐరోపా కార్డులలో తరచుగా 1 మిల్లీమీటరు నుంచి కొలుస్తారు. ప్రకటనలలో మాత్రం వాల్వు కదలడం మొదలైన చోటి నుంచి కొలిచిన పెద్ద అంకె వేస్తారు. ఒకే క్యామ్‌కు ఒక చోట 216, మరొక చోట 266 కనిపించడం మామూలే. రెండు క్యామ్‌లను పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో కొలిచినవేనని రూఢి చేసుకోండి.

ఈ నాలుగు అంకెల నుంచి మీరు రాబట్టవలసినది ఒకటే, అదే ఓవర్‌ల్యాప్. ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని, రెండూ కలిసి తెరిచి ఉండే కాలమిది. మామూలు ఇంజిన్‌లో, ముఖ్యంగా పై ఆర్‌పీఎంలో, బయటికి పోతున్న పొగ తన ఊపుతో కొత్త గాలిని లోపలికి లాగుతుంది. రేసు క్యామ్‌ల బలమంతా ఈ లాగుడులోనే ఉంది. సూపర్‌చార్జర్ ఉన్నప్పుడు గాలిని లాగవలసిన అవసరం లేదు, వెనక నుంచి నెట్టేవాడు ఉన్నాడు. ఆ సమయంలో రెండు తలుపులూ తెరిచి ఉంటే నెట్టిన గాలి సిలిండర్‌లో నిలవకుండా నేరుగా సైలెన్సర్ దారి పడుతుంది. ఇన్‌టేక్ గొట్టంలోనే పెట్రోలు చిమ్మే ఇంజిన్లలో ఆ గాలితోపాటు పెట్రోలు కూడా వెళ్ళిపోయి, కన్వర్టర్‌లో మండుతుంది. అంతేకాక ఆక్సిజన్ సెన్సర్‌కు మిగులు గాలి తగలడంతో మిశ్రమం పలచగా ఉందని మనం పొరబడి ఇంకా పెట్రోలు పోయిస్తాము. నా బండిలో జరిగింది అక్షరాలా ఇదే.

లెక్క ఇలా వేయండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్లను కలిపి సగం చేయండి. అందులో నుంచి లోబ్ సెపరేషన్‌కు రెట్టింపు తీసివేయండి. రెట్టింపు ఎందుకంటే క్యామ్ క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది, లోబ్ సెపరేషన్‌ను క్యామ్ డిగ్రీలలోను, డ్యూరేషన్‌ను క్రాంకు డిగ్రీలలోను చెబుతారు. నేను మొదట వేయించిన క్యామ్ రెండు వైపులా 236 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ 106. అంటే 236లో నుంచి 212 పోగా 24 డిగ్రీల ఓవర్‌ల్యాప్. ఇప్పుడు బండిలో ఉన్నది ఇన్‌టేక్ 216, ఎగ్జాస్ట్ 224, లోబ్ సెపరేషన్ 114. సగటు 220లో నుంచి 228 తీస్తే సున్నాకు కింద 8 డిగ్రీలు. అంటే 1.27 మిల్లీమీటర్ల కొలతలో ఒక వాల్వు దాదాపు మూసుకున్న తరువాతే రెండవది లేవడం మొదలవుతుంది. ఈ రెండు క్యామ్‌ల మధ్య 32 డిగ్రీల తేడా ఉంది, బండి స్వభావంలో ఉన్న తేడా అంతా అందులోనే ఉంది.

రోడ్డు మీద తిరిగే 1.3 నుంచి 1.6 లీటర్ల ఇంజిన్‌కు 1.27 మిల్లీమీటర్ల కొలతలో 205 నుంచి 220 డిగ్రీల ఇన్‌టేక్ డ్యూరేషన్ చాలు. లోబ్ సెపరేషన్ 112 నుంచి 116 మధ్య ఉండాలి, నా మనసు 114 వైపే మొగ్గుతుంది. ఎగ్జాస్ట్ డ్యూరేషన్ ఇన్‌టేక్ కంటే 6 నుంచి 12 డిగ్రీలు ఎక్కువ పెట్టించుకోండి. లోపలికి గాలిని నెట్టడానికి సూపర్‌చార్జర్ ఉంది కానీ, ఎక్కువ మిశ్రమం మండి ఏర్పడిన ఎక్కువ పొగను బయటికి పంపడానికి ఎగ్జాస్ట్ వాల్వుకు తోడు ఎవరూ లేరు, పైగా అది ఇన్‌టేక్ వాల్వు కంటే చిన్నది. ఈ సూత్రాన్ని పొగ బలంతో తిరిగే టర్బోకు యథాతథంగా వర్తింపజేయవద్దు. అక్కడ ఎగ్జాస్ట్ గొట్టంలోనే పీడనం పేరుకుని ఉంటుంది కనుక లెక్క మారుతుంది. లిఫ్ట్ విషయంలో హెడ్డు (వాల్వులు ఉండే ఇంజిన్ పైభాగం), స్ప్రింగులు ఒప్పుకున్నంత వరకు పెంచుకోవచ్చు, అది ఓవర్‌ల్యాప్‌ను పాడుచేయదు. రెండు పరిమాణాల మధ్య తేల్చుకోలేకపోతే చిన్నదాన్నే తీసుకోండి. తగ్గిన గాలిని పుల్లీ మార్చి పూడ్చుకోవచ్చు, పెరిగిన ఓవర్‌ల్యాప్‌ను మాత్రం ఏ పుల్లీ తగ్గించలేదు.

మీ ఇంజిన్‌లో రెండు క్యామ్‌లు వేరువేరుగా ఉంటే సర్దుబాటు చేయగల పుల్లీలతో లోబ్ సెపరేషన్‌ను కొంతవరకు వెడల్పు చేసుకునే వీలుంది; ఒకే క్యామ్ ఉన్న ఇంజిన్‌లో ఆ కోణం ఉక్కులోనే చెక్కి ఉంటుంది, తరువాత మార్చలేము. ఇక వాల్వు టైమింగ్‌ను కంప్యూటరే మార్చే కొత్త ఇంజిన్లకు కంపెనీ క్యామ్‌లనే ఉంచి, బూస్ట్ ఉన్న చోట ఓవర్‌ల్యాప్ తగ్గేలా కంప్యూటర్ మ్యాప్ (అది అనుసరించే అంకెల పట్టిక) రాయించడం అన్నివిధాలా మేలు.

పాత క్యామ్‌నే లేత్ షెడ్డులో మళ్ళీ గ్రైండింగ్ చేయించుకునేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. బాలానగర్, జీడిమెట్ల వైపు చేయి తిరిగిన పనివారు ఉన్నారు, ఆ పని చేయించడంలో తప్పు లేదు. కాకపోతే గ్రైండింగ్‌లో లోబ్ అడుగు వృత్తం చిన్నదవుతుంది, ట్యాపెట్ గ్యాప్‌కు మందమైన షిమ్ములు (గ్యాప్ సరిచేసే బిళ్ళలు) కావాలి. గట్టిపరచిన పై పొర అరిగిపోతే లోబ్ కొన్ని వేల కిలోమీటర్లకే చదునవుతుంది. గ్రైండింగ్ తరువాత గట్టిదనం పరీక్ష చేయించి, కొలతలు రాసి ఇమ్మని అడగండి.

ఇప్పుడు కంప్రెషన్ సంగతి. ఇన్‌టేక్ వాల్వు మూసుకున్న తరువాతే నిజమైన నొక్కుడు మొదలవుతుంది. పైన చెప్పిన 216 డిగ్రీల క్యామ్‌ను 110 సెంటర్‌లైన్‌లో బిగిస్తే, పిస్టన్ కింది చివరను దాటిన 38 డిగ్రీలకు ఆ వాల్వు మూసుకుంటుంది. క్యామ్‌ను మరీ చిన్నదిగా తీసుకున్నా, ముందుకు జరిపి బిగించినా వాల్వు త్వరగా మూసుకుని, కింది ఆర్‌పీఎంలో పీడనం పెరిగి, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గులకరాళ్ళు కదిపినట్టు నాకింగ్ వినిపిస్తుంది. చిన్నది మంచిదని నేను చెప్పినదానికి హద్దు ఇక్కడే ఉంది. ఇంటర్‌కూలర్ ఉండి, 0.5 బార్ మించకుండా, కంప్రెషన్ నిష్పత్తి 9 దగ్గర ఉంటే 95 ఆక్టేన్ పెట్రోలుతో నెమ్మదిగా ట్యూనింగ్ చేసుకోవచ్చు. 10 దాటిన ఇంజిన్‌కు ముందు పిస్టన్ల గురించి ఆలోచించాలి, క్యామ్ గురించి కాదు. బంకులలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది కనుక పాత ఇంజిన్‌కు ఇంజెక్టర్లు లెక్కవేసేటప్పుడు దాదాపు 8 శాతం అదనపు ప్రవాహం కలుపుకోండి.

వాల్వు స్ప్రింగులను చాలామంది మరచిపోతారు. ఇన్‌టేక్ వాల్వు వెనక బూస్ట్ నిలబడి దాన్ని తెరవడానికి నెడుతూ ఉంటుంది. 36 మిల్లీమీటర్ల వాల్వు మీద 0.5 బార్ అంటే సుమారు 5 కిలోల బలం. వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు బలం కనీసం అంత పెరగాలి. కొత్త స్ప్రింగు వేశాక పూర్తి లిఫ్ట్ దగ్గర చుట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఇంకా 1.5 మిల్లీమీటర్ల ఖాళీ, అలాగే రిటైనరుకు (స్ప్రింగును పైన పట్టి ఉంచే బిళ్ళకు), ఆయిల్ సీలుకు మధ్య కూడా అంతే ఖాళీ మిగలాలి.

బిగించే రోజు తొందర పనికిరాదు. ఆ రోజు వేరే పనులు పెట్టుకోకండి. హెడ్డు విప్పి ఉన్నప్పుడు పిల్లలు ఆడుకునే ప్లాస్టిసీన్ ముద్దను పిస్టన్ మీద వాల్వు గుంటలలో చిన్న బిళ్ళగా అద్ది, పైన నూనె చుక్క రాసి, పాత గ్యాస్కెట్ పెట్టి హెడ్డు బిగించండి. టైమింగ్ సరిచూసి, ట్యాపెట్ గ్యాప్ సరిచేసి, క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగిపోవాలి, పానాకు బలం పెట్టకూడదు. మళ్ళీ హెడ్డు తీస్తే బిళ్ళ మీద వాల్వు అంచు అర్ధచంద్రాకారంలో నొక్కుకుని ఉంటుంది. పలచని బ్లేడుతో ఆ ముద్రను నిలువునా కోసి, అన్నిటికంటే పలచగా ఉన్న చోట వెర్నియర్‌తో కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి ఎక్కువ సాగుతుంది, పైకి వస్తున్న పిస్టన్ దాన్ని తరుముతుంది, అందుకే అక్కడ ఎక్కువ ఖాళీ.

ఆ తరువాత క్యామ్‌ను డిగ్రీ చక్రంతో సరిచూడాలి. పుల్లీ మీద ఉన్న గుర్తులను నమ్మి వదిలేయకండి. హెడ్డును ఫేసింగ్ (అడుగు భాగాన్ని చెక్కి చదును చేయడం) చేయించి ఉంటే ఆ గుర్తులు ఒకటి రెండు డిగ్రీలు తప్పుతాయి. క్రాంకు చివర డిగ్రీ చక్రం బిగించి, పిస్టన్ స్టాపర్‌తో పై చివరను కచ్చితంగా గుర్తించి, ఇన్‌టేక్ ట్యాపెట్ మీద డయల్ గేజ్ పెట్టండి. శిఖరానికి 1.27 మిల్లీమీటర్లు తక్కువగా ఉన్న చోట ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి డిగ్రీలు రాసుకోండి. ఎక్కేటప్పుడు 72, దిగేటప్పుడు 152 వచ్చాయనుకోండి. రెండూ కలిపి సగం చేస్తే 112. అదే మీ సెంటర్‌లైన్. కార్డులో 110 ఉంటే క్యామ్ 2 డిగ్రీలు వెనకబడి ఉందన్నమాట. రూట్స్ రకం బిగించబోయేవారు దాన్ని అలాగే వదిలేయవచ్చు, సెంట్రిఫ్యూగల్ వారు కార్డులో ఉన్న అంకెకు తీసుకురావాలి. క్రాంకును ఎప్పుడూ అది తిరిగే దిక్కులోనే తిప్పండి, వెనక్కి తిప్పితే బెల్టు వదులు వలన అంకెలు మారిపోతాయి.

కొత్త లోబ్‌లకు, ట్యాపెట్లకు అసెంబ్లీ పేస్టు పూర్తిగా పట్టించండి. ట్యాపెట్ లోబ్ మీద రాసుకుంటూ తిరిగే ఇంజిన్ అయితే స్టార్ట్ అయిన వెంటనే ఐడిలింగ్‌లో ఉంచకుండా 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడిపి, ఆపి, ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.

సూపర్‌చార్జర్ రాకముందే ఒక నెల రోజులు ఈ క్యామ్‌తో బండి నడపండి. ఈ క్యామ్ ఒంటరిగా మీకు పెద్ద వేగాన్నేమీ ఇవ్వదు, అందుకు నిరుత్సాహపడి పెద్దది వేయించవద్దు. మీరు చూడవలసింది వేరు. ఇంజిన్ వేడెక్కిన తరువాత, ఏసీ ఆపి, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ తగిలించి ఐడిలింగ్‌లో ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడండి. బ్రేకు బూస్టర్ ఈ వాక్యూమ్ మీదే పనిచేస్తుంది. నా రేసు క్యామ్ ఉన్న రోజుల్లో ట్రాఫిక్‌లో వరుసగా నాలుగుసార్లు బ్రేకు నొక్కితే ఐదవసారి పెడల్ రాయిలా బిగుసుకునేది. ముల్లు ఊగకుండా, కంపెనీ క్యామ్ ఉన్నప్పటి అంకెకు దగ్గరగా నిలిస్తే ఎంపిక సరిగ్గా కుదిరినట్టే. ఆ అంకెను, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలను, ప్లగ్గుల రంగును మొదట చెప్పిన ఆ చిన్న పుస్తకంలోనే తేదీ వేసి రాసుకోండి, సూపర్‌చార్జర్ బిగించిన మరుసటి రోజు ట్యూనింగ్ చేసే మేస్త్రీ మొదట అడిగేది ఆ పేజీనే.